భక్తుడైనను లెక్క చెప్పవలసినదే

దేవుని నమ్మినవాడు మనుష్యులను సులభముగా నమ్ముననియు, అందులోను తన మతమువాడు, తన కీర్తనలే పాడువాడు, తన ప్రక్కనే మోకరించువాడు అధికారపీఠ మెక్కినచో వాని మంచిచెడ్డలు విచారింపనే విచారింపడనియు లోకమందొక అభిప్రాయము స్థిరపడియున్నది. ఆ యభిప్రాయమునకు హేతువు లేకపోలేదు. అట్టి విశ్వాసులు మా సంఘములలో కొల్లలుగా నున్నారు. కాని బైబిలును దైవవాక్యముగా నమ్ముచు, ఆదాము పతనము మొదలు నేటివరకు ఏ నరుడును పాపస్వభావమునకు వెలియైనవాడు కాడని బోధించు సంప్రదాయ క్రైస్తవ సిద్ధాంతమునుండి తేలవలసిన ఫలితము దీనికి కేవలము విపరీతమైనది. అందరును పాపులే యైనప్పుడు, ధనమో అధికారమో చేతికందిన ప్రతివాడును, ఎంతటి భక్తుడైనను, లెక్క చెప్పవలసినవాడే. లెక్క అడుగుట వానిని అవమానించుట కాదు. వాని ఆత్మకు కావలి యుంచుట.

ఈ మాట నేను క్రొత్తగా కల్పించినది కాదు. అరణ్యములో మోషే ఒక్కడే ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు జనుల తగవులు తీర్చుచు అలసిపోవుట చూచి అతని మామ యిత్రో చెప్పిన హితవు నిర్గమకాండము పదునెనిమిదవ అధ్యాయమున నున్నది. అధికారులుగా నియమింపదగినవారికి ఆ వృద్ధుడు విధించిన అర్హతలలో దైవభీతి ఒకటి. దాని సరసనే సామర్థ్యమును, సత్యనిష్ఠయు, లంచమునెడ ఏవగింపును ఉన్నవి. దైవభీతి యొక్కటి యున్నచో తక్కినవానిని చూడనక్కరలేదని ఆయన చెప్పలేదు. ప్రవక్తయైన సమూయేలు ముసలితనమున అధికారభారము దించుకొనునాడు ఇశ్రాయేలు జనము నంతటిని సమకూర్చి, తాను ఎవరి పశువునైనను అపహరించెనా, ఎవరివలననైనను లంచము గైకొనెనా యని తన యెదుటనే సాక్ష్యము చెప్పవలసినదిగా వారిని కోరెను. యెరూషలేములోని పేదల కొరకు కూర్చిన చందాను పౌలు ఒంటిగా మోసికొనిపోక, సంఘములు ఏర్పరచిన మనుష్యులను వెంట నిడుకొని పోయెను. దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుటను నింద పడకుండుటకే ఈ జాగ్రత్త యని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో తానే చెప్పుకొనెను. అపొస్తలునికే ఆవశ్యకమైన జాగ్రత్త నేటి మంత్రికిని, నేటి పాస్టరుకును అనావశ్యక మెట్లగును?

ఈ సూత్రము ఆచరణలో ఎట్లు నిలుచునో, ఎక్కడ జారునో తెలిసికొనుటకు ఇరువదవ శతాబ్దమున బిల్లీ గ్రాహం జీవితముకంటె ఉపయుక్తమైన కథ నాకు వేరొకటి కనబడదు. ఆయన 1918 నవంబరు 7వ తేదీన అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రమందు, షార్లట్ నగరము చెంత, పాడిపశువులు పెంచు రైతు ఇంట జన్మించెను; 2018 ఫిబ్రవరి 21వ తేదీన తొంబదితొమ్మిదేండ్ల వయస్సున దేహము చాలించెను. ఈ బాప్తిస్టు సువార్తికుడు తెలుగువారికి అపరిచితుడు కాడు. 1977లో హైదరాబాదునందును విజయవాడయందును ఆయన సువార్త సభలు జరిగినవి. ఆ నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్న ఉప్పెన తరువాత ఆయన ఆ ప్రాంతమునకు స్వయముగా వచ్చి చూచి, ఇల్లు వాకిలి కోల్పోయినవారికి ఇండ్లు కట్టించుటకై తన సంస్థచే ధనసహాయము చేయించెను. ఇంత చెప్పుట ఆయనను పొగడుటకు కాదు. మేలు చేసిన మనుష్యుని విషయమున వివేచన కష్టతరమగును గనుక, ఆ కష్టమును మొదటనే ఒప్పుకొనుట కొరకు.

1948 నవంబరులో గ్రాహం కాలిఫోర్నియా రాష్ట్రములోని మొడెస్టో అను చిన్న పట్టణమున సభలు జరుపుచుండెను. అప్పటికి ఆయనకు ముప్పది యేండ్లు. ఊరూర గుడారములు వేసి బోధించు సువార్తికులయెడ అమెరికాలో ఆనాడు గౌరవము సన్నగిల్లియుండెను. సింక్లెయిర్ లూయిస్ 1927లో ప్రకటించిన 'ఎల్మర్ గాంట్రీ' నవలలోని కపట బోధకుని పేరు ఆ వృత్తివారికెల్ల మారుపేరైపోయెను. ఒకనాడు గ్రాహం తన సహచరులను, అనగా సంగీతము నడుపు క్లిఫ్ బారోస్‌ను, గాయకుడు బెవర్లీ షేను, చిన్ననాటి స్నేహితుడు గ్రేడీ విల్సన్‌ను తమ బసలో కూర్చుండబెట్టి, ఒక గంటసేపు ఎవరి గదికి వారు పోయి, సువార్తికులు ఇంతవరకు ఏయే దోషములచే చెడిపోయిరో జ్ఞాపకము వచ్చినంతవరకు కాగితముపై వ్రాసికొని రండని పంపెను. గంట గడచిన తరువాత నలుగురును తిరిగి కూడి చూచుకొనగా, ఎవరికి వారు విడివిడిగా వ్రాసిన పట్టికలు ఇంచుమించు ఒక్కటిగానే యుండెను.

మొదటిది ధనము. ఆనాటి ఆచారము ప్రకారము సభల చివరిరాత్రి జనుల హృదయములను కరగించి పట్టిన కానుక అంతయు బోధకుని జేబులోనికే పోవుచుండెను. ఎంత వచ్చినదో అతనికి తప్ప ఇతరులకు తెలియదు. రెండవది ఇల్లు విడిచి నెలల తరబడి తిరుగువారికి స్త్రీవిషయమున కలుగు శోధన. దానికి వారు చేసికొనిన కట్టడి నేటివారికి విడ్డూరముగా తోచును: భార్య తప్ప వేరొక స్త్రీతో ఒంటరిగా ప్రయాణము చేయరాదు, భోజనమునకు కూర్చుండరాదు, ఒక గదిలో మాటలాడుచు నుండరాదు. మూడవది సభలకు వచ్చినవారి సంఖ్యను పెంచి చెప్పుకొనుట. ఇకమీదట తాము లెక్కింపక, పోలీసులో సభాస్థలముల నిర్వాహకులో వేసిన అంచనానే ప్రకటింపవలెనని వారు నిశ్చయించిరి. నాలుగవది స్థానిక సంఘములను, కాపరులను వేదికమీద తూలనాడుట. తరువాతి కాలమున ఈ కట్టుబాటుకే మొడెస్టో ప్రకటన యని పేరు వచ్చెను.

ఆ నలుగురును చేసిన పనిలో నన్ను ముఖ్యముగా ఆకర్షించునది ఒకటి కలదు. వారిలో ఎవరును అప్పటికి ఏ నింద మీదికి తెచ్చుకొనినవారు కారు. మేము దైవజనులము, ప్రార్థనాపరులము, మాకీ కట్టుబాట్లేల యని యనుకొనదగినవారే. అట్లనుకొనక, తాము నమ్మిన సిద్ధాంతమును తమకే మొదట అన్వయించుకొని, పడిపోవుటకు అవకాశమున్న ప్రతిచోటను ముందుగానే గోడ కట్టుకొనిరి. పాపమును గూర్చి వేదికలెక్కి బోధించువారు వేలమంది. తన పాపస్వభావమును లెక్కలోనికి తీసికొని తన దినచర్యను, తన జమాఖర్చులను దిద్దుకొనువారు బహు కొద్దిమంది.

ఐనను సుమారు రెండేండ్లకే లోపము బయటపడెను. 1950లో అట్లాంటా నగరమున సభలు ముగిసిన మరునాడు అచటి పత్రిక రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన అచ్చువేసెను. ఒకదానిలో సభికుల కానుకల సంచులను పట్టుకొనియున్న కార్యకర్తలు. రెండవదానిలో చిరునవ్వు నవ్వుచు చేయి ఊపుచు వీడ్కోలు చెప్పుచున్న గ్రాహం. పత్రిక ఏ నేరమును మోపలేదు; మోపనక్కర లేకపోయెను. గ్రాహం సిగ్గుపడెను, కాని కోపగింపలేదు. చివరిరాత్రి కానుకను తీసికొనుట మానివేసి, అదే యేట ఏర్పడిన తన సంస్థ పాలకవర్గము నిర్ణయించిన వార్షిక జీతమునకు లోబడెను; ఆ జీతము మొదట 15,000 డాలర్లు, ఆనాటి పెద్ద నగరములలోని సంఘకాపరి పుచ్చుకొనునంత మాత్రమే. సంఘమునకు వెలుపలివారు చేసిన విమర్శ కూడ దేవుని చేతిలో బెత్తము కాగలదని ఒప్పుకొనిన నాయకుడు గనుక ఆ యెదురుదెబ్బ ఆయనకు మేలు చేసెను. మా పాస్టరును పత్రికలవారు పగపట్టిరని ఊరేగింపులు తీయువారు ఈ సంగతి స్మరింపదగును.

ధనమును గూర్చి, స్త్రీలను గూర్చి, సంఖ్యలను గూర్చి కట్టడి చేసికొనిన ఆ నలుగురును, అధికారసామీప్యమను శోధనను గూర్చి మాత్రము ఆ పట్టికలో ఒక్క పంక్తియైనను వ్రాసికొనలేదు. అదియే తరువాతి కథకు మూలము.

1950 జులై 14వ తేదీన అధ్యక్షుడు హారీ ట్రూమన్ దర్శనము గ్రాహంకును ఆయన సహచరులు కొందరికిని దొరకెను. తెల్లని వేసవి సూటులు ధరించి, తెల్లని బూట్లు తొడిగికొని నలుగురు యువకులు శ్వేతసౌధములోనికి పోయిరి. గ్రాహం అధ్యక్షుని భుజముచుట్టు చేయి వేసి ప్రార్థించెను. వెలుపలికి రాగానే విలేకరులు చుట్టుముట్టి, లోపల ఏమి జరిగినదని యడుగగా, అధ్యక్షునితో జరిగిన సంభాషణ వెలుపల చెప్పరాదని యెరుగక గ్రాహం అంతయు వివరించెను. ఫొటోలు తీయువారు కోరగా ఆ నలుగురును పచ్చికమీద ఒంటిమోకాలిపై వంగి, ప్రార్థన చేసిన విధమును మరల చేసి చూపిరి. మరునాటి పత్రికలలో ఆ బొమ్మ చూచి ట్రూమన్ మండిపడెను. ఆ తరువాత వారికి ఆయన కాలములో ఆహ్వానము రాలేదు. గ్రాహం దీనిని తన యవివేకముగా జీవితాంతము ఒప్పుకొనుచునే యుండెను. ఏండ్లు గడచిన తరువాత ట్రూమన్‌ను కలిసికొని క్షమాపణ వేడుకొనెను. ఐతే ఆ నాటి పాఠము ఆయన నేర్చుకొనినది సగమే. అధ్యక్షుల మాటలను వెలుపల చెప్పరాదని నేర్చెను. అధ్యక్షుల సన్నిధి తన కన్నులను మసకబరచునని నేర్వలేదు.

రిచర్డ్ నిక్సన్‌తో ఆయన స్నేహము 1950 ప్రాంతమున ప్రారంభమై, నలుబదేండ్లకు పైగా సాగినది. నిక్సన్ తల్లి హానా క్వేకరు మతస్థురాలు, మహాభక్తురాలు. 1967లో ఆమె చనిపోగా సమాధి కార్యమున వాక్యము చెప్పినది గ్రాహమే. 1957 జులైలో న్యూయార్కు యాంకీ స్టేడియమున జరిగిన మహాసభలో, అప్పటికి ఉపాధ్యక్షుడైన నిక్సన్ ఆయన వేదికనుండి ప్రసంగించెను. 1969 జనవరి 20వ తేదీన నిక్సన్ అధ్యక్షపదవి స్వీకరించినపుడు ప్రార్థించినది ఆయన. ఆ మరుసటి ఆదివారమున శ్వేతసౌధములోనే ఆరంభించిన ఆరాధనలో మొదటి ప్రసంగము ఆయనది. 1970 మే నెల 4వ తేదీన కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయమున నలుగురు విద్యార్థులు సైనికుల తుపాకులకు బలియై దేశమంతయు కుతకుతలాడుచుండగా, ఆ నెలాఖరుననే నాక్స్‌విల్ నగరములోని తన సువార్త సభకు అధ్యక్షుని రప్పించి వేదిక నెక్కించెను. ఎవరు ఎవరిని వాడుకొనుచున్నారను ప్రశ్న ఆ దినములలోనే కొందరు వేసిరి. స్నేహితుని గూర్చి అట్టి ప్రశ్న వేయుట గ్రాహంకు అమర్యాదగా తోచియుండును.

శ్వేతసౌధమున గ్రాహం వంటి మతనాయకుల రాకపోకలను నడిపించుటలో చేయి గలవాడు చార్లెస్ కోల్సన్ అను నిక్సన్ సలహాదారు. నిక్సన్ ప్రభుత్వపు అధికారదుర్వినియోగమును బయటపెట్టిన వాటర్‌గేటు కుంభకోణము ముసురుకొను కాలమున, 1973లో, కోల్సన్‌కు మారుమనస్సు కలిగెను. 1974లో న్యాయవిధానమును అడ్డగించిన నేరమును తానే ఒప్పుకొని ఏడు నెలలు చెరలో గడపెను. 1976లో ఖైదీల నడుమ సేవచేయు సంస్థను స్థాపించి, తక్కిన జీవితమంతయు దానికే ధారపోసెను. శ్వేతసౌధపు వైభవము చూపి లొంగదీయుటకు తాము పిలిపించిన వివిధ వర్గములవారిలో మతపెద్దలే అందరికంటె సులభముగా తబ్బిబ్బైనవారని ఆయన తరువాత వ్రాసెను. ఈ సాక్ష్యము మా విరోధి పలికినది కాదు, మాలో ఒకడైనవాడు చెప్పినది. ప్రజల మొరలు వినిపింపవలెనని కార్మికసంఘ నాయకుడు కోపముతో లోనికి పోయి వాదించును. పాస్టరు బొమ్మ తీయించుకొని పరవశుడై వెలికి వచ్చును. ఇది అమెరికా వ్యాధి మాత్రమే కాదు.

1972 ఫిబ్రవరి 1వ తేదీన వాషింగ్టన్‌లో ఏటేట జరుగు జాతీయ ప్రార్థనా ఉపాహారసభ ముగిసిన తరువాత గ్రాహం అధ్యక్షుని కార్యాలయములో నిక్సన్‌తో తొంబది నిమిషములసేపు ముచ్చటించెను. అధ్యక్షుడు యూదులను గూర్చి, పత్రికారంగమున వారి ప్రాబల్యమును గూర్చి నీచముగా మాటలాడగా, గ్రాహం వారింపకపోవుటయే గాక తానును వంత పాడెను. ఆ గదిలో రహస్యముగా అమర్చిన యంత్రము ప్రతి మాటను గ్రహించుచుండెను. నిక్సన్ సహాయకుడు హాల్డెమన్ దినచర్య 1994లో అచ్చుపడి ఈ సంగతి సూచించినపుడు గ్రాహం అట్టి మాటలు తాననలేదనెను. 2002లో ఆ ధ్వనిముద్రణ బహిర్గతము కాగా, తనకు జ్ఞాపకము లేదనుచునే, మాటలు తనవేయని ఒప్పుకొని బహిరంగముగా క్షమాపణ చెప్పి, యూదు పెద్దలను కలిసికొని పశ్చాత్తాపము తెలిపెను. మొడెస్టో కట్టుబాటు వ్రాసిన మనుష్యుడే యీయన. మంచివాడు చెడ్డవానిచెంత కూర్చుండి చెడిపోవుటకు సారాయి అక్కరలేదు, ధనము అక్కరలేదు. మిక్కిలి ముఖ్యుడైన స్నేహితుని నొప్పింపకూడదను మొగమాటము చాలును.

సరిగా ఏడాది తరువాత, 1973 ఫిబ్రవరి 1వ తేదీన, అదే ప్రార్థనాసభలో, నిక్సనును గ్రాహమును వేదికమీదనే యుండగా, ఆరెగాన్ రాష్ట్రపు సెనేటరు మార్క్ హాట్‌ఫీల్డు లేచి మాటలాడెను. ఆయన నిక్సన్ పార్టీయైన రిపబ్లికన్ పక్షమువాడు, సంప్రదాయనిష్ఠగల బాప్తిస్టు. వియత్నాము సంధిపై సంతకములై అప్పటికి ఐదు దినములే యయ్యెను. జాతిని ఆశీర్వదించుటకే పనికివచ్చు దేవుని కల్పించుకొని పూజించుట తగదనియు, ఆ యుద్ధము జాతి యాత్మకు చేసిన గాయము పాపమే యనియు, దానికి పశ్చాత్తాపము కావలెననియు ఆయన అధ్యక్షుని మొగముమీదనే చెప్పెను. ప్రవక్తయైన నాతాను దావీదు రాజునొద్దకు పోయి నిలిచినట్లుగా రాజసన్నిధిని విశ్వాసి యుండవలసిన తీరు ఇది. శ్వేతసౌధమున ఆయనపై ఆగ్రహము పుట్టెను; గ్రాహంకు గూడ ఆ ప్రసంగము రుచింపలేదు.

వాటర్‌గేటు విచారణ మూలముగా 1974 ఏప్రిలు 30వ తేదీన నిక్సన్ తన సంభాషణల ప్రతులను వేయికి మించిన పుటలతో ప్రకటింపక తప్పలేదు. గ్రాహం వానిని చదువ మొదలుపెట్టి ఖిన్నుడై, దుఃఖము పట్టలేక, దేహమున కూడ అస్వస్థుడయ్యెను. ఇన్నేండ్లు తానెరిగిన మనుష్యుడు వేరు, ఈ పుటలలోని మనుష్యుడు వేరు. కాని అప్పుడు ఆయన బహిరంగముగా వెలిబుచ్చిన బాధలో బూతుమాటలకు దొరకిన ప్రాముఖ్యము రాజ్యాంగద్రోహమునకు దొరకలేదని విమర్శకులు ఎత్తిచూపిరి. ఆ విమర్శ న్యాయమైనదనియే నా యభిప్రాయము. సంప్రదాయ క్రైస్తవులమైన మేము శీలమును కొలుచుటకు తరచుగా పట్టుకొను కొలమానము మిక్కిలి పొట్టిది: సారా ముట్టడు, పొగ త్రాగడు, బూతు పలుకడు, ఆదివారము మందిరమునకు వచ్చును. ఇవి మంచివే. యిత్రో పట్టికలో నున్నవి మాత్రము వేరు: సత్యము చెప్పునా, లంచమును రోయునా, చేతిలోని పనికి సమర్థుడా. నిక్సన్ విషయమున గ్రాహం ఈ ప్రశ్నలను వేయలేదు, వేయునంత దూరమున నిలువలేదు. ఆగస్టు 9వ తేదీన అధ్యక్షుడు పదవి విడిచిపోయెను.

ధనవిషయమున సయితము పరీక్ష ముగియలేదు. 1977 జూన్‌లో, గ్రాహం స్వస్థలమైన షార్లట్ నగరపు పత్రికయే, ఆయన సంస్థకు అనుబంధముగా డాలస్‌లో సుమారు 2 కోట్ల 30 లక్షల డాలర్ల నిధి యొకటి యున్నదనియు, దాతలకు ఆ సంగతి తెలియదనియు బయటపెట్టెను. దానిలో దొంగతనము లేదు. వీటన్ కళాశాలలో కట్టదలచిన కేంద్రము మొదలగువానికై కూర్చిన సొమ్ము అది. లోపమెల్ల చెప్పకపోవుట యందే యున్నది. సువార్త సంస్థలు తమంతట తాము లెక్కలు బయట పెట్టనిచో ప్రభుత్వము శాసనము చేయక తప్పదని అంతకుముందువలెనే నిర్మొగమాటముగా హెచ్చరించినవారిలో హాట్‌ఫీల్డు ఒకడు. తత్ఫలితముగా 1979లో ఆర్థిక జవాబుదారీ కొరకు సువార్త సంస్థల మండలి యొకటి ఏర్పడెను. దాని స్థాపనయందు గ్రాహం సంస్థ తోడ్పడెను. సభ్యసంస్థకు కనీసము ఐదుగురు సభ్యుల పాలకవర్గ ముండవలెను, అందు అధికసంఖ్యాకులు జీతగాండ్రో బంధువులో కాక స్వతంత్రులై యుండవలెను, అడిగినవారికి ఆర్థిక వివరములు ఇయ్యవలెను అనునవి దాని ప్రధాన నియమములు. మరి ఇంతటి నిష్కర్షగల హాట్‌ఫీల్డు సంగతి యేమి? తనకు వచ్చిన బహుమానములను లెక్కలో చూపనందుకు 1992లో ఆయనను అమెరికా సెనేటు నీతిసంఘము మందలించెను. ప్రవక్తవలె పలికినవాడు సయితము పరీక్షకు అతీతుడు కాడు. నా వాదమునకు ఇంతకంటె బలమైన నిదర్శన మక్కరలేదు, ఇంతకంటె విచారకరమైనదియు లేదు.

ఇచ్చట ఒక యాక్షేపణ తప్పక వచ్చును. తీర్పు తీర్పవలదని ప్రభువే చెప్పలేదా? మత్తయి సువార్త ఏడవ అధ్యాయమున ఆ హెచ్చరిక యున్నది. దాని వెంబడినే తన కంటిలోని దూలమును తీసివేసికొనినవాడు సహోదరుని కంటిలోని నలుసును తీయుటకు తేటగా చూడగలడనియు, ఫలములనుబట్టి చెట్టును ఎరుగుడనియు ఉన్నది. వెలిచూపునుబట్టి గాక న్యాయమైన తీర్పు తీర్చుడని యోహాను సువార్తలో ఆయనయే ఆజ్ఞాపించెను. నిషేధింపబడినది వివేచన కాదు, తన్ను మినహాయించుకొని ఇతరులను శిక్షించు అహంకారము. వెలుపలివారికి దేవుడే తీర్పరి, మీరు లోపలివారిని విచారించుకొనుడని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన దానిని మేము తలక్రిందులు చేసికొంటిమి. ఎదిరిపక్షపు నాయకుని దోషములను వేదికలెక్కి చాటుదుము. మన పక్షపువాని దోషమును క్షమాగుణముతో కప్పుదుము.

క్షమించుట వేరు, నమ్ముట వేరు. నాతాను మాట విని దావీదు పశ్చాత్తప్తుడైన క్షణముననే అతనికి క్షమాపణ దొరకెను; కాని అతని యింటినుండి కత్తి తొలగలేదు, ఆ పాపఫలములు అతని జీవితాంతము వెంటాడెను. కోల్సన్‌ను సంఘము 1973లోనే సహోదరుడుగా చేర్చుకొనెను. ఆయన మాటకు దేశమున విలువ కలుగుటకు మాత్రము చెరసాలల నడుమ దశాబ్దముల సేవ కావలసివచ్చెను. కన్నీరు కార్చిన వారమునకే మరల కోశాధికారిగా కూర్చుండబెట్టుట కృప కాదు. వాని బలహీనతను మరల శోధనయెదుట నిలుపుట.

ఈ విషయమున అమెరికా సువార్త సంఘముల ఇటీవలి చరిత్ర చూడగా నాకు మిక్కిలి బాధ కలుగును. అధ్యక్షుడు క్లింటన్ వ్యభిచారవిషయము రచ్చకెక్కియున్న 1998 జూన్‌లో, సాల్ట్ లేక్ నగరమున కూడిన దక్షిణ బాప్తిస్టుల మహాసభ ప్రజాధికారుల నైతికశీలమును గూర్చి ఒక తీర్మానము చేసెను. నాయకులలో ఘోరపాపమును సహించుట జాతి మనస్సాక్షిని మొద్దుబార్చునని దాని తాత్పర్యము. నిక్కమైన మాట. 2011లో ఒక సర్వే సంస్థ, ఆంతరంగిక జీవితమున అనీతిపరుడైన నాయకుడు ప్రజావిధులను నీతిగా నిర్వహింపగలడా యని యడుగగా, శ్వేతజాతి సువార్త క్రైస్తవులలో నూటికి 30 మంది మాత్రమే ఔననిరి. 2016లో, డొనాల్డ్ ట్రంప్ తమ పక్షపు అభ్యర్థిగా నిలిచియుండగా, అదే ప్రశ్నకు ఔననినవారు నూటికి 72 మంది. ఐదేండ్లలో బైబిలు మారలేదు, అభ్యర్థి మారెను. తూనికరాళ్లు రెండు రకములుగా నుంచుకొనుట యెహోవాకు హేయమని సామెతల గ్రంథము చెప్పునది అంగడివారికి మాత్రమేనా?

వారి పక్షమున చెప్పదగిన మాట ఒకటి కలదు, దానిని దాచను. గర్భస్థశిశువుల ప్రాణరక్షణ మొదలైన విషయములలో ఇద్దరు అభ్యర్థులలో ఒకడు మేలు చేయునని తోచినప్పుడు, వాని శీలము ఎట్టిదైనను వోటు వేయుట తప్పదని వారు వాదింతురు. వోటు వేయుదురు గాక. అది పౌరుని నిర్ణయము. కాని వోటు వేయుట వేరు, వాడు నిర్దోషియని సంఘము పేర సాక్ష్యము చెప్పుట వేరు. చెడును చెడని చెప్పుచునే తక్కువ చెడును ఎన్నుకొనవచ్చును. చెడును మంచి యనిన నాడు మాత్రము సువార్తకే నష్టము. గ్రాహం 2011లో, తొంబదిరెండేండ్ల వయస్సున, వెనుకకు పోగలిగినచో రాజకీయములకు దూరముగా నుందుననియు, కొన్ని పర్యాయములు తాను గీటు దాటితిననియు ఒప్పుకొనెను. అంతటి మనుష్యుని నోట వచ్చిన ఆ యొప్పుకోలు ఆయన ప్రసంగములన్నిటితో సమానమైన విలువ గలదని నేను తలతును.

తెలుగునాట డిసెంబరు వచ్చినదనగానే సెమీ క్రిస్మసు సభలలో శాసనసభ్యులు, మంత్రులు, కాబోవు అభ్యర్థులు కేకు కోయుచుందురు. పాస్టరుగారు వారి తలపై చేయి యుంచి ప్రార్థింతురు. మరునాడు ఆ బొమ్మ ఫ్లెక్సీలకెక్కును. అధికారుల కొరకు ప్రార్థింపుడని తిమోతికి వ్రాసిన మొదటి పత్రికయందు ఆజ్ఞ యున్నది గనుక ప్రార్థింపుడు. ఇతడే దేవుడు మనకు పంపిన నాయకుడని వేదికమీదనుండి ప్రకటింపకుడు. సంఘపెద్దలారా, ముందుగా మీ మందిరపు కానుకలను ఇద్దరికి తక్కువ కాకుండ కూర్చుండి లెక్కించి, సంతకములు చేసి, ఏటేట జమాఖర్చులను సంఘమెదుట చదువుడు. తరువాత, ఎన్నికలలో నిలుచు ప్రతి అభ్యర్థియు నామినేషనుతోపాటు తన ఆస్తులు, అప్పులు, చదువు, తనపై గల క్రిమినలు కేసులు వ్రాసి ప్రమాణపత్రము దాఖలు చేయవలసియున్నది. 2002లో సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పుతో వోటరుకు ఈ హక్కు దక్కెను, ఎన్నికల సంఘము ఆ పత్రములను అందరికిని అందుబాటులో నుంచును. మీ మందిరమునకు వచ్చి మీ ప్రార్థన కోరిన అభ్యర్థి పత్రమును, మీ పక్షపువాడైనచో మరింత శ్రద్ధగా, మొదటి పుటనుండి చివరి పుటవరకు చదివి, ఆ తరువాతనే వోటు వేయుడు.